మాట మనదే, మీట కూడా మన చేతిలోనే ఉండాలి: లినక్స్‌లో గొంతుతో రాసుకునే ఏర్పాటు

మా చిన్నాయనది మర్రిగూడ మండలం. బోరునీళ్ళలో ఫ్లోరైడ్ తాగి పెరిగిన తరం. ఆయన వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా తెరుచుకోవు. మోచేతులు ఒక వంపు దగ్గర బిగుసుకుపోయాయి, మెడ తిరగదు కాబట్టి పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. గొంతు మాత్రం కంచు మోగినట్టు ఉంటుంది. ఒకప్పుడు ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాసేవాడు. పింఛను ఆగినా, పాసు పుస్తకంలో పేరు తప్పు పడినా, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయేవాళ్ళు ఆదివారం సాయంత్రమే మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. చేతులు మొరాయించాక ఆ పని ఆగిపోయింది, ఒంటి నొప్పుల కంటే ఆయనకు అదే ఎక్కువ బాధ.

పాత ల్యాప్‌టాప్ ఒకటి బాగుచేసి, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఎక్కించి, గొంతుతో తెలుగు రాసే సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చాను. ఆయన మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు పడుతున్నాయి, ఇల్లంతా సంతోషం. నేను నల్లగొండ తిరిగొచ్చేశాను. రెండు రోజులకు ఫోన్ చేసి అడిగితే ఒక్క ముక్క కూడా రాయలేదన్నాడు. ఎందుకు అంటే, "మాట నాదే గానీ మీట నీ చేతుల ఉన్నదిరా బిడ్డా" అన్నాడు. నిజమే. ల్యాప్‌టాప్ మూత తెరవాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, చిన్న బటన్ మీద క్లిక్ చేయాలి, హెడ్‌సెట్ తలకు పెట్టుకోవాలి, వీటిలో ఒక్కటీ ఆయన చేతులతో అయ్యేది కాదు. ఆ తర్వాత మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి ఒక్కటే లెక్క పెట్టుకున్నాను: ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆయన మొదలుపెట్టగలగాలి, ఆయనే ఆపగలగాలి. మీ ఇంట్లో ఇలాంటి అవసరం ఉన్నవాళ్ళ కోసం, లేదా మీ కోసమే, ఆ రెండోసారి చేసిన పద్ధతి రాస్తున్నాను.

ముందు ఏ లినక్స్

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. నా సలహా లినక్స్ మింట్, అందులో సిన్నమన్ అనే డెస్క్‌టాప్ రూపం. దీనికి కారణం ఉంది. గొంతుతో రాసే ప్రోగ్రాం తను విన్న అక్షరాలను వేరే ప్రోగ్రాంలోకి, అంటే మీరు తెరిచిన రైటర్ (ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాం) లోకో బ్రౌజర్‌లోకో పంపాలి. తెర మీద కిటికీలు, అంటే విండోలు, చూపించడానికి లినక్స్‌లో రెండు పద్ధతులున్నాయి. పాత ఎక్స్11 పద్ధతిలో దీనికి అడ్డు లేదు. కొత్త వేల్యాండ్ పద్ధతిలో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంలోకి చొరబడకుండా తాళం వేశారు. దొంగ ప్రోగ్రాంల విషయంలో అది మంచి తాళమే, కానీ చేతులు పనిచేయనివాళ్ళకు కావాల్సిన సాధనాలకు కూడా అదే తాళం పడింది. మింట్ సిన్నమన్ మామూలుగా ఎక్స్11 మీదే లేస్తుంది కాబట్టి ఈ తలనొప్పి ఉండదు. ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ వాడేవాళ్ళయితే పాత వెర్షన్లలో లాగిన్ తెర మీద పళ్ళచక్రం గుర్తు నొక్కి ఎక్సార్గ్ (అంటే ఎక్స్11) ఎంచుకోవచ్చు, కానీ 25.10 వెర్షన్ నుంచి దాని మామూలు డెస్క్‌టాప్ గ్నోమ్‌లో ఆ అవకాశం తీసేశారు. వేల్యాండ్‌లో అసలు పని కాదని కాదు, దాని సంగతి కింద చెప్తాను.

కంప్యూటర్ మరీ కొత్తది అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ఐ3 లేదా ఐ5 ప్రాసెసర్ అయినా వోస్క్ అనే తెలుగు మోడల్‌కు హాయిగా సరిపోతుంది. మోడల్ అంటే గొంతు విని అక్షరాలుగా మార్చే, ముందే శిక్షణ ఇచ్చిన ఫైలు, వాటి సంగతి కింద చెప్తాను. ఇంకో మాట, ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్ దొరికితే ఈ పనికి అదే మేలు, మూత తెరిచే పని ఉండదు.

మైకు దగ్గరే సగం పని

చాలామంది ఇక్కడ తొందరపడతారు, నేనూ పడ్డాను. రాత సరిగ్గా రావట్లేదని మూడు మోడళ్ళు మార్చి ఒక రాత్రంతా కూర్చున్నాను, తీరా రికార్డ్ చేసి వింటే చిన్నాయన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంది. గది స్లాబు గది, గోడలకు ఏమీ లేదు, పైన ఫ్యాను, ల్యాప్‌టాప్‌లో ఉన్న మైకు మనిషికి రెండు జానల దూరం. మైకు మార్చి, ఆయన వెనక గోడకు మందపాటి దుప్పటి వేలాడదీస్తే అదే మోడల్ చాలా మెరుగ్గా రాసింది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించకముందే సౌండ్ రికార్డర్‌లో ఒక నిమిషం మాట్లాడించి మీరు వినండి. మీ చెవికే తేటగా లేకపోతే యంత్రానికి ఎక్కడి నుంచి వస్తుంది.

మైకు యూఎస్‌బీదే తీసుకోండి. నేను మొదట ఒక షాపులో గులాబీ రంగు పిన్ను ఉన్న మైకు కొనుక్కొచ్చాను, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఇయర్‌ఫోన్‌కూ మైకుకూ కలిపి ఒకటే రంధ్రం ఉంటుంది, దానికి ఆ పాత రకం పిన్ను కుదరదు, మైకు కనిపించనే కనిపించదు. యూఎస్‌బీ అయితే పెట్టగానే సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ కింద పేరుతో సహా వచ్చేస్తుంది. అక్కడ దాన్ని ఎంచుకుని, గట్టిగా మాట్లాడినప్పుడు మట్టం చివరి దాకా కొట్టుకోకుండా కొంచెం కింద ఆగేటట్టు వాల్యూమ్ పెట్టండి.

అందరూ హెడ్‌సెట్ కొనమంటారు, ఎందుకంటే నోటికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. మంచిదే, కానీ ఫ్లోరైడ్‌తో చేతులు భుజం పైకి లేవని మనిషి దాన్ని తలకు ఎలా పెట్టుకుంటాడు? పెట్టడానికి ఒకరు, తీయడానికి ఒకరు కావాలి. అందుకే వంకీ మెడ ఉన్న మైకు తెచ్చి బల్ల అంచుకు క్లిప్పుతో బిగించాను, ఆయన కుర్చీలో కూర్చుంటే నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కగా ఉంటుంది. సూటిగా ఉంటే ప, బ, ఫ పలికినప్పుడు ఊపిరి తగిలి బుస్సుమని శబ్దం వస్తుంది. ఆయన మెడ కదలకపోవడం ఇక్కడ మాకు కలిసొచ్చింది, దూరం మారదు. టేబుల్ ఫ్యాను ఉంటే వీపు వైపు నుంచి పెట్టండి, గాలి మైకుకు తగలకూడదు.

సాఫ్ట్‌వేర్: స్పీచ్ నోట్, దానిలో మోడళ్ళు

మొదటిసారి చేసేవాళ్ళకు స్పీచ్ నోట్ సులువు. ఓపెన్ సోర్స్, ఉచితం, ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక నెట్ అక్కర్లేదు, మాట్లాడిన మాట కంప్యూటర్ దాటి బయటికి పోదు. ఇంకొకరి ఆధార్ నంబరు, భూమి తగాదా, జబ్బు సంగతులు అర్జీలో చెప్తాం కదా, అవి ఎవరి సర్వర్‌కో పోకుండా ఉండటం నా దృష్టిలో చిన్న విషయం కాదు. పైగా ఊళ్ళో సిగ్నల్ పోయినా పని ఆగదు.

మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి స్పీచ్ నోట్ అని వెతకండి, ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకెట్ రూపంలో ఉంటుంది. కనబడకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో అన్‌వెరిఫైడ్ ఫ్లాట్‌ప్యాక్‌లు చూపించు అనే మీట ఆన్ చేసి మళ్ళీ వెతకండి. డౌన్‌లోడ్ పెద్దదే, కాబట్టి మంచి నెట్ ఉన్న చోట ఎక్కించి తీసుకుపోండి. తెరిచాక లాంగ్వేజెస్‌లోకి పోయి తెలుగు ఎంచుకుంటే స్పీచ్ టు టెక్స్ట్ కింద మోడళ్ళ జాబితా వస్తుంది. ముఖ్యంగా రెండు కుటుంబాలు: వోస్క్, విస్పర్.

వోస్క్ తెలుగు మోడల్ చిన్నది, 58 ఎంబీ. మాట్లాడుతుండగానే అక్షరాలు పడతాయి, పాత కంప్యూటర్ మీద కూడా ఆగదు. కామాలు, ఫుల్‌స్టాప్‌లు పెట్టదు, అంకెలను మాటల్లోనే రాస్తుంది, ఊర్ల పేర్లు అంతగా తెలియవు. విస్పర్ 2022 సెప్టెంబరులో ఓపెన్ఏఐ విడుదల చేసింది, 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు, కానీ అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఇంగ్లీషే. అందుకే ఇంగ్లీషులో ఎంత చిన్న మోడల్ అయినా చక్కగా రాస్తుంది, తెలుగుకు వచ్చేసరికి టైనీ, బేస్ మోడళ్ళు పనికిరావు, స్మాల్ కొంత నయం, మీడియం, లార్జ్ అయితే బాగుంటాయి గానీ అవి జీబీల్లో ఉంటాయి, గ్రాఫిక్స్ కార్డు లేని పాత మిషన్ మీద ఒక వాక్యానికి టీ తాగి రావచ్చు. తెలుగు లిపిని అది మరీ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టుకుని రాస్తుంది కాబట్టి ఇంగ్లీషు కంటే ఇంకా నిదానం.

విస్పర్‌తో ఇంకో ప్రమాదం ఉంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు మాట్లాడకుండా ఊరికే ఉన్నప్పుడు, లేదా ఫ్యాను చప్పుడు మాత్రమే వినబడినప్పుడు, ఎవరూ అనని వాక్యాలు అది సొంతంగా రాసేస్తుంది. అవి తప్పుల్లా కూడా కనబడవు, పద్ధతిగా ఉంటాయి. కలెక్టర్ గారికి ఇచ్చే కాగితంలో మనం అనని మాట పడితే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. అందుకే చిన్నాయనకు వోస్క్ పెట్టాను. వోస్క్ తప్పు వింటే తప్పు మాట రాస్తుంది, అది చదవగానే కంటికి తగులుతుంది. ఏ మోడల్ వాడినా అయిపోయాక ఒకసారి చదువుకోవాలి. చదవడం కష్టమైతే అదే స్పీచ్ నోట్‌లో టెక్స్ట్ టు స్పీచ్ కింద తెలుగు ఈస్పీక్ గొంతు ఎక్కించి చదివించుకోవచ్చు. మరబొమ్మ గొంతులా ఉంటుంది, కానీ తప్పులు చెవికి దొరుకుతాయి.

పైథాన్ తెలిసినవాళ్ళు ఇంట్లో ఉంటే మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్ళు విడుదల చేసిన ఇండిక్‌కన్ఫార్మర్ లాంటి మోడళ్ళు కూడా చూడండి, మన భాషల కోసమే చేసినవి. వాటిని స్పీచ్ నోట్‌లో ఒక క్లిక్కుతో ఎక్కించినంత సులువు కాదు, అందుకే ఇక్కడ వివరంగా చెప్పట్లేదు.

మొదట్లో రాతను నేరుగా రైటర్‌లోకి పంపకండి, స్పీచ్ నోట్ సొంత పలకలోనే పడనివ్వండి. వినే పద్ధతి మూడు రకాలుగా ఉంటుంది: ఒక వాక్యం విని ఆగేది, మీట నొక్కి పట్టుకున్నంతసేపు వినేది, ఎప్పుడూ వింటూ ఉండేది. నొక్కి పట్టుకోవడం చేతులు నొప్పి ఉన్నవాళ్ళకు కుదరదు. మా చిన్నాయన ఎప్పుడూ వినేది పెట్టుకుంటాడు, ఎవరైనా ఇంటికొస్తే ఆపుతాడు.

"చుక్క" తెచ్చిన చిక్కు

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇది. స్పీచ్ నోట్‌లో రూల్స్ అని ఉంటుంది. యంత్రం ఒక మాట రాస్తే దాని బదులు ఇంకో మాట పెట్టమని మనం చెప్పొచ్చు. చిన్నాయన "మర్రిగూడ" అంటే అది ప్రతిసారీ "మరి గూడ" అని రాసేది. ప్రతిసారీ ఒకే తప్పు చేయడం నిజానికి మంచి విషయం, ఎందుకంటే ఒక్క రూల్‌తో పోతుంది. "మరి గూడ" వస్తే "మర్రిగూడ" పెట్టు, అంతే. వారం రోజులు ఆయన చెప్పింది, అది రాసింది పక్కపక్కన పెట్టుకుని చూసి నలభై దాకా రూల్స్ రాశాను. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, తహసీల్దారు, పట్టాదారు, సదరం సర్టిఫికెట్, ఇలాంటివి.

ఆ తర్వాత ఇంకో ఉపాయం తట్టింది. అర్జీలో మొదటి నాలుగు వాక్యాలూ చివరి నాలుగు వాక్యాలూ ఎప్పుడూ ఒకటే కదా. "అర్జీ మొదలు" అంటే "గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కరించి మనవి చేసుకొనునది ఏమనగా" అని పడేటట్టు, "అర్జీ ముగింపు" అంటే "కావున తమరు దయతో విచారించి నాకు న్యాయం చేయగలరని కోరుచున్నాను" అని పడేటట్టు రూల్స్ పెట్టాను. చిన్నాయన రెండు మాటలంటే రెండు వరుసలు పడ్డాయి. ఆ రోజు ఆయన ఆ రెండు మాటలనే పదిసార్లు అని చూసుకున్నాడు.

ఫుల్‌స్టాప్ కోసం మొదట "చుక్క" అనే మాట పెట్టాను, తెలుగు మాట కదా అని. మొదటి అర్జీయే మంచినీళ్ళ గురించి. "ఊరికి ఒక్క చుక్క మంచినీళ్ళు రావడం లేదు" అని ఆయనంటే "ఊరికి ఒక్క . మంచినీళ్ళు రావడం లేదు" అని పడింది. మామూలు మాటల్లో దొర్లే మాటను ఎప్పుడూ గుర్తుగా పెట్టకండి. ఇప్పుడు "ఫుల్‌స్టాప్" అనే అంటాడు, కామాకు "కామా", కొత్త వరుసకు "కొత్త లైను పెట్టు". అలాగే రెండక్షరాల చిన్న మాటలకు రూల్ రాయొద్దు, పెద్ద మాటల మధ్యలో దూరి వాటిని పాడుచేస్తుంది.

మన యాస గురించి కూడా ఒక మాట. "వస్తలేదు", "పోయిండు", "గట్ల" లాంటివి ఈ మోడళ్ళు సరిగ్గా పట్టుకోవు, ఎందుకంటే వాటికి నేర్పిన మాటల్లో నల్లగొండ, పాలమూరు గొంతులు తక్కువ. నేను ఆ మాటలను పుస్తక భాషలోకి మార్చే రూల్స్ రాయలేదు, ఆయన అన్న మాట అన్నట్టే పడేటట్టు రాశాను. అర్జీలో ఏ మాట ఉండాలో, ఏ భాష వాడాలో ఆయనకు నాకంటే బాగా తెలుసు. యంత్రం చెవిని సరిచేయండి, మనిషి నోటిని కాదు.

మాట్లాడే తీరు మాత్రం కొంచెం అలవాటు చేసుకోవాలి. మాటకు మాటకు మధ్య ఆగి ఆగి చెప్తే బాగా రాస్తుందని అనుకుంటాం, అది పొరపాటు. ముందు వెనక మాటలను బట్టే అది ఊహిస్తుంది, కాబట్టి వాక్యం మనసులో కూర్చుకుని మామూలు వేగంతో ఒక్క ఊపున చెప్పి ఆగాలి. సర్వే నంబర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు గొంతుతో చెప్పి నమ్ముకోకండి. అవి మటుకు ఆన్‌బోర్డ్ అనే తెర మీది కీబోర్డుతో కొట్టించండి. దానికి మౌస్ కదపాలి కదా అంటారా, చిన్నాయనకు పెద్ద బంతి ఉన్న ట్రాక్‌బాల్ తెచ్చాను, అరచేతి అంచుతో దొర్లిస్తాడు. క్లిక్ నొక్కలేడు కాబట్టి మింట్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, దానిలో మౌస్ దగ్గర, బాణం గుర్తు ఒకచోట కాసేపు ఆగితే దానంతటదే క్లిక్ అయ్యే ఏర్పాటు ఆన్ చేశాను. ఆగే సమయం మొదట్లో ఎక్కువ పెట్టి, చెయ్యి కుదిరాక తగ్గించుకోవచ్చు.

మీట

ఇక అసలు సంగతి. అంకెలు మాత్రమే ఉండే చిన్న యూఎస్‌బీ కీప్యాడ్ ఒకటి కొనండి. దానిలో కుడి అంచున ప్లస్, ఎంటర్ మీటలు రెండు గళ్ళంత పొడవుగా, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మిగతా మీటల టోపీలన్నీ చదునైన స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా లేపి తీసేశాను. మిగిలిన రెండింటి మీద పాత ప్లాస్టిక్ డబ్బా మూత ముక్కలు అంటించి, ఒకదానికి ఆకుపచ్చ టేపు, ఒకదానికి ఎర్ర టేపు వేశాను. కీప్యాడ్‌ను బల్ల మీద ఆయన పిడికిలి సహజంగా వచ్చి ఆనే చోట డబుల్ టేపుతో అతికించాను. ఎక్కడ అతికించాలో మీరు నిర్ణయించొద్దు. మనిషిని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చెయ్యి వాల్చమనండి, అది ఎక్కడ పడితే అక్కడ. మా చిన్నాయనకు అది నేను అనుకున్న చోటికి బెత్తెడు ఎడమకు వచ్చింది. చేతులు అసలు కదలనివాళ్ళకు అదే కీప్యాడ్ నేల మీద కాలి కింద పెట్టొచ్చు, లేదంటే యూఎస్‌బీ ఫుట్ పెడల్ దొరుకుతుంది.

తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, షార్ట్‌కట్స్, కస్టమ్ షార్ట్‌కట్స్‌లోకి పోయి రెండు కొత్తవి చేర్చాలి. ఒకటి స్పీచ్ నోట్‌కు వినడం మొదలుపెట్టమని చెప్పే కమాండ్, ఇంకోటి ఆపమని చెప్పేది. ఈ కమాండ్లు గిట్‌హబ్ వెబ్‌సైటులోని స్పీచ్ నోట్ పేజీలో యాక్షన్స్ అనే మాట దగ్గర ఉంటాయి, చేత్తో కొట్టకుండా అక్కడి నుంచే కాపీ చేసుకోండి, ఒక్క గీత తేడా వచ్చినా పనిచేయవు. మొదటిది ప్లస్‌కు, రెండోది ఎంటర్‌కు కట్టండి. స్టార్ట్ లిజనింగ్ అనే కమాండ్‌లోనే మూడు రకాలు ఉన్నాయి: స్పీచ్ నోట్ పలకలోకి రాసేది, తెరిచి ఉన్న కిటికీలోకి రాసేది, క్లిప్‌బోర్డులోకి వేసేది.

తెరిచి ఉన్న కిటికీలోకి నేరుగా రాసేది వినడానికి బాగుంటుంది, కానీ తెలుగుతో దానికి ఒక పేచీ ఉంది. ఇలా రాసే సాధనాలు కీబోర్డు మీట నొక్కినట్టు నటిస్తాయి. ఇంగ్లీషు అక్షరానికి మీట ఉంది, "క్ష్మ"కు మీట ఎక్కడుంది? ఎక్స్11లో అప్పటికప్పుడు ఒక మీటను ఆ అక్షరానికి మార్చి నొక్కినట్టు చేస్తాయి, వేగంగా జరిగేటప్పుడు వత్తులూ గుణింతాలూ మధ్యలో రాలిపోతాయి. వేల్యాండ్‌లో వాడే వైడోటూల్ అయితే కీబోర్డు మీటల నంబర్లే పంపుతుంది, దానితో తెలుగు నేరుగా రానే రాదు. అందుకే తెలుగుకు క్లిప్‌బోర్డు దారే నమ్మకం: మాట్లాడింది క్లిప్‌బోర్డులో పడుతుంది, పేస్ట్ చేసుకోవాలి. వేల్యాండ్ వాడేవాళ్ళకు కూడా ఈ దారే పనికొస్తుంది.

ఇక కంప్యూటర్ లేవడం. సెట్టింగ్స్‌లో లాగిన్ విండో, యూజర్స్ దగ్గర ఆటోమేటిక్ లాగిన్ పెట్టండి, తెర తాళం పడకుండా స్క్రీన్‌సేవర్‌లో ఆపేయండి, స్టార్టప్ అప్లికేషన్స్‌లో స్పీచ్ నోట్ చేర్చండి. పాస్‌వర్డ్ లేకుండా లేస్తుంది కాబట్టి బ్యాంకు వివరాలు అందులో దాచొద్దు. ఆటోమేటిక్ లాగిన్ పెట్టాక కొన్నిసార్లు బ్రౌజర్ తెరవగానే కీరింగ్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) పాస్‌వర్డ్ అడుగుతుంది, మీరు దగ్గరున్నప్పుడే అది చూసుకుని ఖాళీ పాస్‌వర్డ్‌తో సరిచేసి రండి, లేకపోతే ఆయన అక్కడే ఆగిపోతాడు. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే బయోస్‌లో, అంటే లినక్స్ లేవకముందు వచ్చే సెట్టింగ్స్‌లో, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది. అది పెట్టి, స్విచ్ బోర్డును నడుము ఎత్తుకు దించితే మోచేత్తో స్విచ్ వేస్తే చాలు, ఇంకెవరూ అక్కర్లేదు. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్‌తో బోర్డు దింపించడానికి పట్టింది గంట, అంతకుముందు సాఫ్ట్‌వేర్‌తో పెట్టుకున్న కుస్తీ నెల.

చేతులు అసలు కదలకపోతే

పాలమూరు దిక్కు నుంచి హైదరాబాద్‌కు పనికొచ్చి, స్లాబు మీద నుంచి పడి మెడ కింద చచ్చుబడిన తమ్ముడొకరికి కూడా ఏర్పాటు చేశాను. అక్కడ లెక్క వేరు. ఆయనకు రాయడం కంటే ముందు కిటికీ మార్చడం, కిందికి జరపడం, మూసేయడం కావాలి. దీనికి న్యూమెన్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఉంది, వోస్క్ మీదే నడుస్తుంది, ఎక్స్11, వేల్యాండ్ రెండింటిలోనూ పనిచేస్తుంది. చిన్న చిన్న ఇంగ్లీషు మాటలకు ఒక్కో పని కట్టుకోవాలి. ఇక్కడ తప్పులు చాలా తక్కువ, ఎందుకంటే భాషలోని లక్ష మాటల్లో ఏదో వెతకదు, మనమిచ్చిన కొన్ని మాటల్లో ఇది ఏది అని మాత్రమే చూస్తుంది. ఉచ్చారణ కొంచెం తేడాగా ఉన్నా పట్టుకుంటుంది. అందుకే సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట ముద్దగా వచ్చేవాళ్ళకు కూడా పూర్తి రాత కంటే ముందు ఇలాంటి కొద్ది మాటల ఆజ్ఞలతో మొదలుపెట్టమని చెప్తాను, ఆ మనిషికి తేలిగ్గా, ఒకదానికొకటి పోలిక లేకుండా వచ్చే పది మాటలు వాళ్ళనే ఏరుకోమనండి.

ఆ తమ్ముడికి తల బాగా తిరుగుతుంది కాబట్టి ఈవయాకామ్ కూడా పెట్టాను, వెబ్‌కెమెరా ముందు తల కదిపితే బాణం గుర్తు కదులుతుంది. మా చిన్నాయన మెడకు అది పనికిరాదు. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకు. టాలన్ అనేది ఇంకా శక్తివంతమైనది, చేతులు నొప్పులతో ఉన్న ప్రోగ్రామర్లు ఎక్కువ వాడతారు, ఉచితమే కానీ ఓపెన్ సోర్స్ కాదు, లినక్స్‌లో ఎక్స్11 కావాలి. టెర్మినల్ అలవాటు ఉన్నవాళ్ళు నెర్డ్ డిక్టేషన్ చూడండి, ఒక్క పైథాన్ ఫైలు, బిగిన్ అంటే మొదలు, ఎండ్ అంటే ఆపు, మాటల మార్పులన్నీ మనమే కోడ్‌లో రాసుకోవచ్చు.

నెట్ బాగుండి, మాటలు బయటికి పోయినా పర్వాలేదనుకుంటే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్ లినక్స్‌లో కూడా తెలుగులో పనిచేస్తుంది, తప్పులు కూడా తక్కువే, దాచాల్సిన పని లేదు. కవిత్వమో కథో రాసుకునేవాళ్ళకు అది చాలు. ఇంకొకరి సమస్యలు రాసేవాళ్ళు మాత్రం ఆలోచించుకోండి.

గొంతు కూడా కండరమే. చేతులు పోయాయని గొంతు మీద రోజంతా భారం వేస్తే అది కూడా బొంగురుపోతుంది. ఇరవై నిమిషాలకోసారి ఆగి నీళ్ళు తాగాలి, స్ట్రా ఉన్న సీసా ఒకటి మైకు పక్కనే స్టాండుకు కట్టి ఉంచండి. గట్టిగా అరవాల్సి వస్తోందంటే మైకు వాల్యూమ్ తక్కువుందని అర్థం.

వీలున్నవాళ్ళు మొజిల్లా కామన్ వాయిస్‌లో, అంటే ఇలాంటి మోడళ్ళకు నేర్పడానికి జనం గొంతులు సేకరించే వెబ్‌సైటులో, తెలుగు కింద మీ గొంతు ఇవ్వండి. తెర మీద వచ్చిన వాక్యం చదివితే చాలు. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట గొంతులు అందులో పడితే రేపటి మోడళ్ళు మనవాళ్ళ మాట ఇంకొంచెం బాగా వింటాయి.

అన్నీ కుదిరిన రోజున మింట్‌లో టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ అప్పుడున్న స్థితికి నకలు, తీసి పెట్టండి, ఏదైనా అప్‌డేట్ తర్వాత మైకు మూగబోతే వెనక్కి పోవచ్చు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి, మీరు ఊరికి పోయినప్పుడే చేయండి. మీరు కూర్చుని రాసిన రూల్స్ మాత్రం టైమ్‌షిఫ్ట్‌లో రావు, అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. అందుకని స్పీచ్ నోట్ సెట్టింగ్స్ ఉన్న ఫోల్డర్ విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ ఉన్న ఇంట్లో కాకుండా మీ దగ్గర ఉంచుకోండి.